అసలు తగరమే

ఇదిగో, అలా చూడకు. నిన్న మధ్యాహ్నం నుంచీ చూస్తున్నా, ఈ ఫోటోలో నువ్వు నవ్వడం మానేశావు. నవ్వు మొహం అనే కదా ఏరి మరీ ఫ్రేమ్ కట్టించా!

ముందు నే చెప్పేది విను, తర్వాత తిట్టుకో. బతికున్నన్నాళ్ళూ ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చావా? ఇప్పుడైనా విను, అనంతా.

తప్పంతా నాది కాదు. సగం ఆ బుల్లెట్లది. అవునే, బుల్లెట్లే! మన వీధి చివర డ్వేన్ లేడూ, నువ్వు పోయినప్పుడు ఇంత పెద్ద ట్రేలో మాకరోనీ పట్టుకొచ్చిన ముసలాయన. ఆయనే నన్ను తుపాకులు కాల్చే రేంజ్‌కి లాక్కెళ్ళాడు. తను వాడని చిన్న రైఫిల్ ఒకటి నా చేతిలో పెట్టాడు. ఇరవై రెండు క్యాలిబర్. దాని బుల్లెట్ ఎంతుంటుందనుకున్నావ్? చింతగింజంత.

శనివారం శనివారం పదిమంది ముసలాళ్ళం అక్కడ చేరతాం. నన్ను 'చక్' అంటారు. చక్రధర్ అనడానికి నోరు తిరగదుగా పాపం. వారం మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది ఆ ఒక్క పూటే. మిగతా ఆరు రోజులూ మైక్రోవేవ్ బీప్‌మంటే 'ఆఁ, వస్తున్నా' అంటున్నా. నవ్వకు. నిజంగానే అంటున్నా.

వాళ్ళెవరూ బుల్లెట్లు కొనరే. ఇంట్లోనే సీసం కరిగించి అచ్చులో పోసుకుంటారు. డ్వేన్ తన అచ్చు నాకిచ్చి, 'వచ్చే శనివారం నీవి నువ్వే పోసుకురా చక్, అందరం చూస్తాం' అన్నాడు. అందరం చూస్తాం అన్నాడే! నన్ను చూసి ఎన్నాళ్ళయింది ఎవరైనా?

సరే, ఇంటి ముందు డ్రైవ్‌వేలో క్యాంప్ స్టవ్ పెట్టా. మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు, అన్నీ తగిలించుకునే పోశాలే. ముప్పై ఏళ్ళు ఫార్మా ల్యాబ్‌లో పనిచేసినవాడికి జాగ్రత్తలు చెప్పకు. కానీ ఏం లాభం? వచ్చినవన్నీ ముడతలే! అచ్చు బుల్లిది కదా, సీసం మూలమూలకీ పారేలోపే గడ్డకట్టేస్తోంది. గురువారం ఒక్కణ్ణే వెళ్ళి కాల్చి చూశా. ఒకటి ఈశాన్యానికి పోతే ఒకటి నైరుతికి పోయింది.

డ్వేన్‌కి ఫోన్ చేశా. 'కాస్త తగరం కలుపు చక్, చక్కగా పారుతుంది' అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే తగరం మంగళవారానికి గానీ రాదు. చూసింది శుక్రవారం పొద్దున.

ఇప్పుడర్థమైందిగా? మొహం తిప్పుకోకు. గరాజ్‌లో, పై షెల్ఫ్‌లో, క్రిస్మస్ లైట్ల డబ్బా వెనకాల... నీ చారు చెంబు.

ఆ, అదే. మీ అమ్మ కుంభకోణంలో కొని చిత్తూరులో నీ చేతికిచ్చిన తగరపు చెంబు. స్టీలు గిన్నెలో కాస్తే అది చారు కాదు, చింతపండు నీళ్ళు అనేదానివి. ఉత్త చెంబు పొయ్యి మీద పెడితే కరిగి కూర్చుంటుందని, నీళ్ళు పోశాకే స్టవ్ వెలిగించేదానివి. నన్నయితే దాని దగ్గరికే రానిచ్చేదానివి కాదు. మంచి పనే చేశావులే.

మరి దాన్ని షెల్ఫ్ ఎక్కించిందెవరూ అంటావ్. నేనే. మన అమ్మాయి నిధి కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడో చదివి, 'అమ్మా, ఇలాంటి పాత్రల్లో లెడ్ కలుపుతారట, బేబీకి మంచిది కాదు' అంది. నువ్వేమన్నావ్? 'ఇది అసలు తగరమే. సీసం పిసరంత కూడా లేదు. మీ నాన్న కెమిస్టేగా, టెస్ట్ చేసి చెప్పమను' అన్నావ్.

నేను వినలేదనుకున్నావు. విన్నా.

పది నిమిషాల పనే అది. ఎంత వేడికి కరుగుతుందో చూసి సరుకు అసలో కల్తీయో చెప్పడం, అదేగా నా ఉద్యోగం! అడుగున గోరంత గీకి ల్యాబ్‌కి పట్టుకెళ్తే తేలిపోయేది. పట్టుకెళ్ళలేదు. కూతురు నీ మాట కాదనడం అదే మొదటిసారి. ఆ సంబరంలో ఉన్నా. 'నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు' అని నిన్నే ఎత్తిపొడిచి, చెంబు తీసుకెళ్ళి గరాజ్‌లో పడేశా.

నువ్వు మళ్ళీ ఆ మాటెత్తలేదు. మూడేళ్ళు స్టీలు గిన్నెలోనే కాచావు. చారన్నం ఒక ముద్ద తిని 'ఊఁ' అనేదానివి. ఆ 'ఊఁ'కి అర్థం నాకు తెలీదనుకున్నావా?

సరే, శుక్రవారం సంగతి. ఇనప మూకుట్లో చెంబు పెట్టి స్టవ్ వెలిగించా. థర్మామీటర్ చెంబుకి ఆనించా, పాడు అలవాటు. సీసం కలిసిన తగరమైతే మూడొందల అరవై డిగ్రీల ఫారెన్‌హీట్‌కే మెత్తబడాలి. అసలుదైతే నాలుగొందల యాభై దాకా చెక్కుచెదరదు.

మూడొందల అరవై అయింది. చెంబు అలాగే ఉంది. మూడొందల ఎనభై. నాలుగొందలు. ఊహూఁ! నాతో పోట్లాటకి నువ్వు నిలబడ్డట్టే నిలబడింది.

అక్కడే తెలిసిపోయింది అనంతా. అప్పుడు స్టవ్ కట్టేసుంటే చెంబు దక్కేది. నా చెయ్యి నాబ్ మీదే ఉంది కూడా. కట్టలేదు.

ఎందుకని అడక్కు. అందరం చూస్తాం అన్నాడు కదా మరి.

నాలుగొందల యాభైకి ఠక్కున కూలబడింది. వెండి నీళ్ళలా మెరుస్తూ ఉంటే, పది పౌన్ల సీసం అందులో నా చేత్తో నేనే వేశా.

శనివారం ఐదు కాలిస్తే ఐదూ పావు డాలర్ బిళ్ళంత చోటులో పడ్డాయి. డ్వేన్ టార్గెట్ కాగితం పట్టుకుని అందరికీ చూపించాడు. 'ఏం కలిపావ్ చక్?' అన్నాడు. 'మా ఆవిడ సూప్ పాట్' అన్నా. చారుని సూప్ అంటే నీకు ఒళ్ళు మండుతుంది, తెలుసు. వాళ్ళకి ఇంకేమని చెప్పను? జోకనుకుని అందరూ పగలబడి నవ్వారు. భుజం తట్టారు. నేనూ నవ్వా. తర్వాత కార్లో కూర్చుని అరగంట దాకా స్టార్ట్ చేయలేదు.

ఇంటికొచ్చేసరికి నిధి ఫోన్. శాన్ రామన్ నుంచి గురువారం బయల్దేరుతోంది, నీ సంవత్సరీకానికి. 'డాడీ, అమ్మ చారు చెంబు తీసి పెట్టు. నాకు కావాలి. వండను, ఊరికే కిచెన్‌లో ఎదురుగా పెట్టుకుంటా. ఆ రోజు అమ్మని చాలా హర్ట్ చేశాను' అని ఏడ్చింది. 'ఏడవకమ్మా, గరాజ్‌లో ఉందిలే' అన్నా.

అబద్ధం కాదుగా? గరాజ్‌లోనే ఉంది. మిగిలిందంతా మఫిన్ ట్రేలో పోశా. పన్నెండు బిళ్ళలు, ఇడ్లీల్లా ఉన్నాయి.

మళ్ళీ విడదీయలేవా, కెమిస్ట్‌వి కదా అంటావ్. డ్రైవ్‌వేలో కూర్చుని ఏ కెమిస్టూ విడదీయలేడే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

చెప్తాలే దానికి. అమ్మదే రైటు, అసలు తగరమే అని చెప్తా. 'నీకెలా తెలుసు డాడీ?' అంటుంది.

ఆ రోజు ఒక్కసారే చెప్పావు నువ్వు, ఇందులో సీసం లేదని. నిజమే అనంతా. మొన్న శుక్రవారం దాకా లేదు. ఇప్పుడుంది.