నెలవంక వెనక మూడు చుక్కలు

బహ్రెయిన్, జింజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, సాయంత్రం నాలుగు గంటలు. పాలరాతి దుకాణం నడిపే రామ్‌ప్రసాద్ అద్దం ముందు కూర్చున్నాడు. వెనక నిలబడి అతని మెడలో దారం కడుతున్నది ఆ ఇంట్లో మూడేళ్ళుగా వంట చేస్తున్న దుర్గవ్వ.

"మెడ కదపకుండ్రి సారూ. ముడి జారుతది."

"ఎంతసేపు అవ్వా! ఆరింటికల్లా హూరాలో ఉండాలి. హోటల్ హాలు నిండా పెద్దవాళ్ళు. దారమేగా, కట్టేసెయ్యి."

"ఉత్త దారమా? పొద్దుగాల మీరే అంటిరి గద, ఇది ఉత్త చిప్ప గాదు, ఒక జాతి మానం అని. మానానికి రెండు పీటముళ్ళన్న వెయ్యొద్దా? మల్లొకసారి చదువుండ్రి ఆ కాయితం. నేను కడుత, మీరు చదువుండ్రి."

"చదివేదేముంది, నోటికొచ్చేసింది. 'సభకు నమస్కారం. నా మెడలో ఉన్నది సినాహి. అంటే నెలవంక. మహాసముద్రం మధ్యలో గువామ్ అనే దీవి ఉంది. అక్కడి చమోరో ప్రజలు పెద్ద ఆల్చిప్పను కోసి, అరగదీసి దీన్ని చేస్తారు...'"

"సాన మీద."

"ఆఁ, సాన మీద. 'వందల ఏళ్ళు పరాయి పాలనలో ఉండి వాళ్ళు ఈ పని మరిచిపోయారు. మట్టిలో దొరికిన పాతవాటిని చూసి, చెప్పేవాళ్ళు లేకపోయినా, మళ్ళీ చేతులతో నేర్చుకున్నారు. ఇప్పుడు అక్కడి కుర్రవాళ్ళు దీన్ని మెడలో వేసుకుని, మేమెవరమో మాకు తెలుసు అంటున్నారు.' ఎలా ఉంది?"

"మంచిగున్నది. నాకు ఏడుపొస్తున్నది. ఎవలు రాసిచ్చిండ్రు?"

"నేనే... అంటే, ఆఫీసులో పనిచేసే కళ రాసింది. భావం నాదే."

"భావం మీదే. మెడ మీదే. చేతులు ఎవలియో!"

"ఏంటీ?"

"చేతులు కిందికి దించుండ్రి అంటున్న. మోచెయ్యి తాకుతున్నది. మరి మీకు ఇది చెక్కుడు నేర్పిన ఆ దీవి బెన్ తాత ఎట్ల దొరికిండు సారూ?"

"ఏడేళ్ళ కిందట ఇక్కడే జుఫైర్‌లో పనిచేసేవాడు. శుక్రవారం శుక్రవారం మన దుకాణానికి వచ్చేవాడు. మన దగ్గర గ్రైండర్లు, సానలు అన్నీ ఉన్నాయిగా. సంచీలో చిప్ప ముక్కలు తెచ్చుకునేవాడు. రాయిలాగే ఉంటాయవి. నిప్పులు రాలతాయి కోస్తుంటే."

"శుక్రారం దుకాణం బందు గద."

"ఆ... బందే. నేను తెరిచి ఇచ్చేవాణ్ణి."

"మీరు శుక్రారం పగటీలికి గాని లేవరు. నాకు తెల్వదా, చాయ్ ఇచ్చేది నేనే."

"అప్పట్లో లేచేవాణ్ణిలే! అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నిజమే, నేను లేను. బుసైతీన్ల అరబ్బోల్ల ఇంట్ల ఉంటి. పద్దెనిమిది మందికి వంట. గేటు దాటనిచ్చేది గాదు ఆ ఇంటామె. శుక్రారం నాడు మాత్రం ఫోను చేతికిచ్చేది, అద్దగంట. గా అద్దగంట కోసం వారమంత బతుకుదును. ఒకసారి సారూ, చేపల పులుసు మాడిపోయింది, ఫోన్ల పడి. పద్దెనిమిది మంది కూసున్నరు, ఉప్పు చేపలు..."

"అవ్వా, తర్వాత చెబుదువుగాని. యల్లా, యల్లా, తొందరగా."

"అయితున్నది. మరి బెన్ తాత మీ ఒక్కరికే నేర్పిండా? దుకాణంల ఇంకెవలు లేకుండెనా?"

"లేబర్ ఉండేవాళ్ళు ఎవరో..."

"ఎవలో?"

"ఉండేవాడులే ఒకడు. మీ జగిత్యాల వైపు వాడే. లక్ష్మణ్."

"లక్ష్మణ్. మంచి పేరు."

"పేరే మంచిది. దొంగ వెధవ."

"అయ్యో! ఏం ఎత్తుకపాయె?"

"ఇదే. ఈ నెలవంకే. లేబర్ క్యాంపులో వాడి పెట్టెలో దొరికింది. నేనే పోలీసుల్ని పిలిచాను."

"మీరు చెక్కింది. ఆయన పెట్టెల దొరికింది."

"అదేగా దొంగతనమంటే!"

"ఎవలిదో బెన్ తాత చెప్పకపాయెనా?"

"ఆయన అప్పటికి వాళ్ళ దీవికి వెళ్ళిపోయి పదిరోజులైంది. ఎందుకే ఇన్ని ప్రశ్నలు నీకు?"

"స్టేజీ మీద ఎవలన్న అడిగితే మీరు తడబడొద్దని సారూ. ఇంట్లనే నాలుగుసార్లు అనుకుంటే నోరు తిరుగుతది. మరి ఆ పోరన్ని ఏం చేసిండ్రు?"

"లోపలేశారు. నలభై రోజులు. తర్వాత ఫ్లైట్ ఎక్కించి పంపేశారు, మళ్ళీ రాకుండా. ఖలాస్."

"నలభై మూడు."

"ఏంటి నలభై మూడు?"

"పోగులు సారూ. పోగులు లెక్కపెట్టుకుంట పేనుతున్న. మాట్లాడిపిస్తే తప్పుతది."

"నువ్వే కదా మాట్లాడుతున్నది!"

"ముసలిదాన్ని, నోరు ఊకుండదు. ఒక్క చిప్ప కోసం జైలెందుకు సారూ? రెండు దెబ్బలేసి ఇడిస్తే పోకపాయెనా? ఊర్ల దొంగ అన్న పేరు వడితే ఎట్లుంటదో ఎరికేనా? దుబాయిల ఎత్తుకొచ్చిండని పిల్లలు సుత ఎంట వడుతరు. కుదిరిన సంబంధం తప్పిపోతది. పెండ్లిల్ల పిలుస్తరు గని, కూసోవెడితే పక్కోడు జేబు పట్టుకుంటడు."

"వాడి ఖర్మ. నేను మర్యాదగానే అడిగాను. హోటల్ ఆసామికి కానుక ఇద్దామనుకున్నా, ఇచ్చెయ్యరా, ఎంత కావాలంటే అంత తీసుకో అన్నాను. ఏమన్నాడో తెలుసా? ఇది కొనుక్కుని వేసుకునేది కాదు సార్, ఒకరు మనసుపడి ఇస్తేనే వేసుకునేది అన్నాడు. నలుగురు కుర్రాళ్ళ ముందు! నాతో! నా దగ్గర రాళ్ళు మోసేవాడు!"

"అడిగిండ్రా?"

"ఆఁ, అడిగాను."

"మీరు చెక్కిన మీ సొమ్ము, ఆయనను అడిగిండ్రా?"

"అది... అబ్బా! బిగిస్తున్నావేంటి, గొంతు పట్టేస్తోంది!"

"జారొద్దని సారూ. సదురుకుంటది. మరి ఇయ్యాళ్టి సభకు మిమ్మల్ని ఎట్ల పిలిచిండ్రు?"

"బెన్ దగ్గర్నుంచి ఉత్తరం దుకాణానికొచ్చింది. లక్ష్మణ్ పేరు మీద. తనతో కలిసి చెక్కిన తెలుగు పనివాడికి అందరి ముందూ సన్మానం చేస్తాడట. నేనే అని జవాబు రాశాను."

"మీరే లక్ష్మణా?"

"ఇంట్లో నన్ను అలా పిలుస్తారని రాశాలే. ఏం నవ్వుతావు? ముసలాయనకి సుగర్‌తో కళ్ళు పోయాయి. ఏడేళ్ళ కిందటి గొంతు ఏం గుర్తుంటుంది? హోటల్ ఆసామి నా పక్కనే కూర్చుంటాడు. ఫోటో పేపర్లో పడుతుంది. కొత్త లాబీ మొత్తం మన పాలరాయే. నీకూ మంచి చీర కొనిపెడతా."

"సల్లగుండుండ్రి. కని, కండ్లు లేనోడు వేళ్ళతోని చూస్తడు సారూ. వెనకకు తిప్పి తడుముతడు."

"వెనక ఏముంది? డ్రిల్లు జారి మూడు గుంటలు పడితే పుట్టీ పెట్టి పూడ్పించాను."

"నేను తీసేసిన."

"ఏం తీసేశావు?"

"పుట్టీ. నిన్న కూసోని, పిన్నీసుతోని. మెల్లగ, మెల్లగ."

"ఎవరు తియ్యమన్నారు నిన్ను!"

"డ్రిల్లు జారితే వంకర పోతది గని, ముక్కోణం లెక్క సక్కగ వడుతదా? అది గుర్తు సారూ. ఆ గుర్తు చేతికి తాకకుంటే ముసలాయన నమ్మడు. మిమ్మల్ని నలుగురిల నిలబెడుతడు."

"నీకెలా తెలుసు?"

"మీరు బుట్టల వెయ్యమన్న కవర్ల ఇంకో చీటి ఉండె. కింది ఫ్లాటు మెర్సీతోని చదివిపిచ్చుకున్న. ఆ దీవిల ఎనుకట వంశమంత తల్లి దిక్కు నుంచేనట. అందుకని బెన్ తాత అప్పుడు అన్నడట, బిడ్డా, నాది నేను చెక్కిన, నీది నువ్వు చెక్కు, వెనకకు మీ అమ్మ గుర్తు వెట్టు అని. ఇయ్యాళ అదే తడిమి చూసి, ఇదేంది చెప్పు అంటడట, అందరు ఇనంగ."

"అయ్య బాబోయ్. ఏం చెప్పాలి? చీటీలో ఉందా?"

"చెప్తున్న గద. మూడు చుక్కలు, మా అమ్మ పచ్చబొట్టు అనుండ్రి."

"మా అమ్మకి పచ్చబొట్టు లేదే!"

"తెనాలిల ఉన్న ఆమెను ఇక్కడ ఎవలు సూడవోయిండ్రు?"

"అదీ నిజమే. 'మూడు చుక్కలు, మా అమ్మ పచ్చబొట్టు.' బ్రహ్మాండం అవ్వా! చదువుకుని ఉంటే నువ్వు ఎక్కడో ఉండేదానివి."

"ఇంకోసారి అనుండ్రి."

"'మా అమ్మ పచ్చబొట్టు.'"

"గట్ల గాదు. గొంతు కొంచెం వణకాలె. ఫోన్ల చెప్పినప్పుడు వానికి వణికింది."

"ఎవడికి?"

"అద్దగంట ఫోను అన్న గద. సాన పెడుతుంటే తెల్లటి దుమ్ము లేస్తదవ్వా, మూతికి తువ్వాల కట్టుకుంటున్న అన్నడు. ఆరు శుక్రారాలు చెప్పిండు. ఈ కొస సన్నవడ్డదవ్వా, ఆ కొస సన్నవడ్డదవ్వా అని. ఆఖరికి, నీ గుర్తు వెట్టిన అన్నడు, గొంతు వణికింది. నా చేతులున్న గంటె కిందవడ్డది. గా దినమే పులుసు మాడింది."

"దుర్గవ్వా... ఎవరు నువ్వు?"

"వాన్ని ముంబయి ఇమానం ఎక్కిచ్చేటప్పుడు గేటు దాటనియ్యలే నన్ను. కొడుకు మొకం సూడలే. వాడు పోయినంక, వీసా ఇచ్చిన కఫీలు చేతులు వట్టుకొని, బతిమాలి, ఇండ్లు మారి మారి నీ ఇంటికచ్చిన. బహ్రెయిన్ల ఇన్ని ఇండ్లుండంగ నీ ఇంటికే ఎందుకచ్చిననుకున్నవు?"

"మూడేళ్ళు నా ఇంట్లో... నా వంట... నువ్వు..."

"బుగులువడకు, ఏం కలుపలే. విషమైతే ఒక్కనాటితోని అయిపోతది. నువ్వు బతికుండాలె. నిలబడాలె, వాడు నిలబడ్డట్టు."

"ముందు ఇది విప్పు. విప్పవే! రావట్లేదేంటి ముడి!"

"రాదు. కొయ్యాల్సిందే. కత్తెర నా కొంగున ఉన్నది."

"పోలీసుల్ని పిలుస్తాను. నీ మీద కూడా కేసు పెడతాను!"

"పిలువు. ఈసారి ఏం పోయిందని చెప్తవు? మెడల ఉన్నదాన్ని చూపెడుతవా?"

"బెల్లు... బెల్లు మోగుతోంది. డ్రైవర్. ఆదాము వచ్చుంటాడు. వాణ్ణి లోపలికి రానివ్వు."

"ఆదాము గాదు. ఆ రెండో చీటి ఎవలి పేరు మీద ఉన్నదో అడగకపోతివి. పనోని తల్లికి. మెర్సీ ఆయనకు ఫోను చేసి అంత చెప్పింది. నేనే ఇంటికచ్చి ఆమెను తోలుకపోత అన్నడు బెన్ తాత, తన బిడ్డను ఎంటవెట్టుకొని అచ్చిండు. జగిత్యాల్ల నా కొడుకు ఫోను ముంగట వెట్టుకొని కూసున్నడు, దొంగ అన్నోళ్ళందరిని పిలిచి. ఇది చెక్కినోని పేరు నువ్వే చెప్పాలె. నీ నోటితోనే."

"అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటా. తలుపు తియ్యకు. ఏం కావాలంటే అది..."

"నా కాళ్ళెందుకు, పైకి సూడు. మూడేండ్లు, పొద్దుగాల, మాపున, నీ ముంగట వంగి చాయ్ ఇచ్చిన. ఒక్కనాడన్న నా మొకం దిక్కు సూసినవా రామ్‌ప్రసాదూ? ఇప్పుడన్న అద్దంల సూడు. నా గదుమ మీద పచ్చబొట్టు చుక్కలెన్నో లెక్కపెట్టుకుంట ఉండు, నేను వోయి తలుపు తీస్త."