ర్యామ్‌కు పెట్టిన బొట్టు

హోసూరులో ఆయుధపూజ మర్నాడు, కంప్యూటర్ ముందు భార్యాభర్తలు.

"కొత్త ఓఎస్ ఎక్కించేది ఇది మూడోసారి. సగానికి వస్తూనే ఆగిపోతా ఉంది."

"పెన్‌డ్రైవ్ సరిలేదమ్మా."

"పొద్దున హార్డ్‌డిస్క్ అన్నారు. ఇంక మిగిలింది నేనే."

"రేపటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇంకో దినానికి మార్చమను."

"పన్నెండేండ్లకు ఒకరు నన్ను పనికి పిలిచినారు. మా కంప్యూటర్‌కు ఒళ్లు బాగలేదని చెప్పేదా?"

"పూజదాకా బాగానే ఉండె."

"పూజకు డబ్బా మూత తెరిచినారు. లోపల యాడయాడ పెట్టినారు బొట్టు?"

"ఫ్యాక్టరీలో మెషిన్ లోపలకూడా పెడతాము కదా. ఈడ ర్యామ్ తీసి, గంధం కుంకుమ పెట్టి, మళ్లా గుచ్చినాను."

"మీ భక్తికేం తక్కువ లేదు. పాప రబ్బరు ఇట్లియ్యండి."

"రబ్బరెందుకు?"

"బొట్టు తుడిచేదానికి. చూడండి, పిన్నులన్నీ ఎర్రగా ఉండాయి."

తుడిచిన ర్యామ్‌ను మళ్లీ గుచ్చాక, ఈసారి ఓఎస్ ఆగకుండా నూరు శాతానికి చేరింది.

"సరే, ఇంటర్వ్యూకు కూర్చో. పనికి పోయేదీ లేనిదీ తర్వాత చూద్దాం."

ఆమె రబ్బరు పొడి దులిపి, వంటింట్లో ఉన్న అత్తకూ కూతురికీ వినిపించేలా నిదానంగా చెప్పింది.

"అత్తమ్మా, పాపా, రేపు పదింటికి నాకు ఇంటర్వ్యూ. పని వస్తే చేరుతా ఉండాను."