పదకొండో మంచం

మధ్యాహ్నం మూడు గంటలు, మగవాళ్ళ వార్డు. పదకొండో మంచం మీద పక్షవాతం వచ్చిన ఒక ముసలాయన్ని పెద్దనర్సు పక్కకి తిప్పుతోంది. మేట్రన్ ఓ కాగితం పట్టుకుని వెంటపడుతోంది. ఇరవై ఆరేళ్ళ కిందట ఇద్దరూ నర్సింగ్ హాస్టల్లో ఒకే గదివాళ్ళు, కాబట్టి ఒకరి గుట్టు ఒకరికి తెలుసు.

"...ఆ కాగితం జేబులో పెట్టుకుని కాస్త ఆ భుజం పట్టుకోండి మేడం. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

"సాయంత్రం ఐదింటిలోగా సంతకం పెట్టి పైకి పంపాలే. నా తర్వాత నీకొచ్చే మేట్రన్ పోస్టంటే వీధిలో పంచే కరపత్రం అనుకున్నావా, కన్నెత్తి అయినా చూడకుండా..."

"భుజం."

"పట్టుకున్నాను. ఇప్పుడు చెప్పు."

"చెప్పడానికేముంది. పోయిన వారం వద్దన్నాను, నిన్న ఫోన్లోనూ వద్దన్నాను. ఇవాళ కూడా నోరు బాగానే ఉంది, వద్దంటున్నాను. తాతా, గోడవైపు తిరుగుదాం. ఊపిరి బిగపట్టకు."

"మీరిద్దరూ పోట్లాడుకోండమ్మా, నన్ను మాత్రం కింద పడేయకండి."

"పడేయను తాతా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి నువ్వెవర్నీ పడేయలేదుగా, నేనూ అంతే."

"నేను డైరెక్టరాఫీసుకి వెళ్ళిపోతున్నా. నువ్వు కాదంటే బయటినుంచి ఎవరో వస్తారు. వార్డు మొహం చూడనివాళ్ళు."

"రానీండి."

"ఇక్కడ నీ చేతికింద ముప్పై మంచాలు. అక్కడ నాలుగొందలు."

"నాలుగొందల కాగితాలు అనండి."

"మోకాళ్ళు అరిగిపోయాయని మొన్న నువ్వే ఏడ్చావు."

"నా మోకాళ్ళు, నా ఏడుపు. మీకెందుకు?"

"మీ ఆయన కూడా తీసుకోమనే అన్నాడట."

"ఆయన్నే కూర్చోబెట్టండి ఆ కుర్చీలో. ఇంట్లో చేస్తున్నది అదేగా."

"నవ్వించకు, చెయ్యి జారుతుంది."

"దిండు పెట్టండి. వీపు వెనక కాదు, మోకాళ్ళ మధ్య. పదకొండేళ్ళు ఫైళ్ళు తిప్పితే మనిషిని తిప్పడం మర్చిపోతారు."

"ఎగతాళా?"

"ఎగతాళి కాదు, భయం. రేపు నేనూ అంతే అవుతానని."

"అంటే నేను పనికిరాకుండా పోయానంటావు."

"నేననలేదు. దిండు పెట్టిన మీ చెయ్యే అంది."

"సరే, తిట్టు. తిట్టి... ఆగు. ఈ మడమ ఎర్రగా ఉందేంటి?"

"చూశాను పొద్దున. మీరూ బొటనవేలితో నొక్కి చూడండి."

"ఒకటి, రెండు, మూడు... తెల్లబడలేదే."

"తెల్లబడదు. చర్మం బాగుంటే నొక్కగానే తెల్లబడేది. లోపల చెడిపోవడం మొదలైంది. ఇంకో రెండ్రోజులు ఎవరూ చూడకపోతే పుండే."

"షీటేది? ఇదిగో. రెండు గంటలకోసారి తిప్పినట్టు సంతకాలున్నాయి. ఒక్క గడి ఖాళీ లేదు."

"ఎందుకుంటుంది. ఈ షీట్లకేగా మీరు ఉత్తమ వార్డని బహుమతిచ్చారు. షీటు నిండింది, మనిషి తిరగలేదు."

"ఎవరి సంతకం ఇది?"

"ఎవరిదైతేనేం."

"కొత్తగా వచ్చిన నర్సు పిల్లదేనా?"

"నేను మాట్లాడుకుంటాను దాంతో."

"ఎప్పుడు జరిగింది?"

"ఈ వారంలోనే."

"ఈ వారంలో ఎప్పుడు?"

"తాతా, నీళ్ళు తాగుతావా?"

"నీళ్ళొద్దు గానీ, ఆవిడ అడిగింది చెప్పొచ్చుగా తల్లీ. సోమవారంనుంచి బుధవారందాకా నాకు కిటికీ కనబడలేదు. పైనున్న ఫ్యాను ఒక్కటే చూశాను."

"సోమ, మంగళ, బుధ. నువ్వు సెలవులో ఉన్న రోజులు."

"మా అమ్మాయికి ఒళ్ళు కాలిపోతుంటే ఉండిపోయాను."

"సెలవు పెట్టడం తప్పనలేదే. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు ఈ సంతకాలు నిజమేనా?"

"దిండు ఇంకాస్త పైకి జరపండి."

"నిజమేనా అంటున్నాను."

"నేను తిప్పేదాన్ని, వాళ్ళు సంతకం పెట్టేవాళ్ళు. మందులూ ఇంజెక్షన్లతోనే వాళ్ళకి తెల్లారిపోతుంది, పాపం. నా చేత్తో నేను చూసుకుంటేగానీ నాకు నిద్ర పట్టదు."

"పెద్దక్క చూసుకుంటుందిలే అని వాళ్ళకి నిద్ర పట్టింది. నొక్కి చూడటం ఒక్కరికైనా నేర్పావా?"

"తీరికేది?"

"ముద్దలు చేసి నోట్లో పెట్టి పెంచావు. తల్లి ఊరెళ్ళిన రోజు పిల్లలు పస్తు."

"అవును, నాదే తప్పు. చాలా? ఆ పిల్ల పేరు మాత్రం నా నోటివెంట రాదు. మెమో ఇచ్చి ఇంటికి పంపుతారు."

"చూశావా. వాళ్ళ పని నువ్వే చేస్తావు, వాళ్ళ తప్పు నువ్వే కప్పెడతావు. మేట్రన్ పని వద్దంటూనే చేస్తున్నావు, అదీ చెడగొట్టి."

"అంత మాటన్నావు కదా, మరి నీ సంగతేంటే? ఈ దుప్పటెత్తి నువ్వు చూసి ఎన్నేళ్ళయింది? నాకు నా చెయ్యి, నీకు నీ షీటు. ఇద్దరం హాయిగా నిద్రపోయాం. మధ్యలో ఈ తాత మడమ."

"ఇప్పుడదెందుకే?"

"ఎన్నేళ్ళు?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఒకప్పుడు మంచమ్మీద మనిషి ఏడిస్తే నీకు అన్నం సహించేది కాదు. నిన్ను ఇట్లా మార్చిన కుర్చీ అది. నేను కూర్చోను."

"మళ్ళీ మొదటికొచ్చింది."

"కూర్చోనన్నాను. సంతకం పెట్టనన్నానా? ఇటివ్వు కాగితం."

"పెడతావా?"

"కుర్చీ తీసి బయట పెట్టించు. రోజూ పొద్దున ఒక్కో వార్డుకి నేనే వెళ్తాను. షీట్లు బీరువాలో పడుంటాయి. ప్రతి పిల్లా నా ఎదుట దుప్పటెత్తి, తన వేలితో తను నొక్కి చూపించాలి. నేర్చుకునేదాకా వదలను."

"పైవాళ్ళు ఊరుకోరే."

"పైకి పోతున్నది నువ్వేగా. ఊరుకోబెట్టు. పెన్ను."

"ఇదిగో. ఇక్కడ పెట్టు. తారీఖు కూడా... హమ్మయ్య. ఇంకా ఏం రాస్తున్నావు, ఆ షీటు వెనకాల?"

"మెమో. ఎవరికీ ఏమీ నేర్పకుండా మూడు రోజులు వెళ్ళిపోయినందుకు, నా పేరు మీద."

"నీకు పిచ్చా? మొదటిరోజే నీకు నువ్వే మెమో ఇచ్చుకుంటావా?"

"మొదటిది నాకు. దుప్పటెత్తకుండా బహుమతిచ్చినందుకు రెండోది తమరికి. ఇదిగో, ఈ మూల సంతకం పెట్టి తీసుకోండి, మేడం."