తొమ్మిదింటి కేక

చేపల తట్ట మలుపు తిరగడం చూసి కిరాణా కొట్టు శెట్టిగారు గబగబా మెట్లు దిగారు. మూడు రోజుల బెంగ తీరిపోయింది.

"ఏమైపోయావమ్మా ఇన్నాళ్లూ?"

"తునిలో మా అమ్మాయికి పురుడండి. ఆడపిల్ల. ఇద్దరూ కులాసా."

"హమ్మయ్య! నీకేదో అయిందని హడలిపోయాననుకో."

"చేప ముట్టని ఇల్లు మీది. నాకోసం చూడ్డమేంటండీ?"

"రోజూ తొమ్మిదింటికి నీ కేక వినే బీపీ మాత్ర వేసుకుంటాను."

"అయితే మూడు రోజులూ వేసుకోలేదా?"

"కేక లేదుగా మరి!"

ఆమె తట్ట దించేసింది.

"ముందు మాత్ర మింగండి. అప్పుడే ఎత్తుతాను."

ఆయన మింగి, నోరు తెరిచి చూపించారు.

"చేపలమ్మా... చేపలూ!"

వీధంతా వినబడింది.