తిట్టుపాట దొరకని వీరాయమ్మ

వీరాయమ్మకి ఆ పెళ్ళికి పాట దొరకలేదంట. వీరాయమ్మంటే ఎవరనుకున్నారు, కాలవ ఇవతల ఊళ్ళల్లో పెళ్ళి బంతిలో వియ్యపురాలి మీద తిట్టుపాట కట్టాలంటే ఆవిడే. ఇరవైమూడు పెళ్ళిళ్ళు, ఇరవైమూడు పాటలు. ఒకళ్ళకి పాడింది ఇంకొకళ్ళకి పాడలేదు. ఇరవైనాలుగోది సొంత మేనకోడలు సత్యవేణిది. ఆ ఊళ్ళ ఆచారం ఏంటంటే అండి, పెళ్ళికొడుకు తల్లి ఆకు ముందు కూచుంటది, అన్నం వడ్డిస్తారు, కానీ ఆడపెళ్ళివారు ఆవిడ మీద కొత్తగా కట్టిన తిట్టు ఒకటి పాడేదాకా ముద్ద కలపదు. పాట లేదనుకో, ఆకు మడిచేసి లేస్తది. ఆవిడ లేస్తే మగపెళ్ళివారందరూ లేస్తారు. ఆ పిల్ల ఇంక ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఆ మాట పడాలో మీరే లెక్కేసుకోండి.

మరి పాట ఎందుకు దొరకలేదంటే, వీరాయమ్మది ఒకటే పద్ధతి. వియ్యపురాలిలో ఒక వంక పట్టుకుంటది, దాని చుట్టూ అల్లుతది. ఒకావిడది గురక. ఒకావిడ పెళ్ళికి పోయిందంటే నాలుగు లడ్లు కొంగులో కట్టుద్ది. అట్టా ఏదో ఒకటి. ఈసారి వియ్యపురాలు కాలవ అవతల గంగారత్నం. గంగారత్నానికి ఏం వంకుందని ఎవర్నడిగినా, అబ్బే, ఆవిడ చాలా మంచిదండి అనేవోళ్ళేనంట. పెళ్ళి ఐదు రోజులుందనగా వీరాయమ్మకి అన్నం సయించడం మానేసింది. గట్టు మీద ఒంటరిగా కూచుంటే పాట దానంతటదే వస్తదని ఎవరో చెప్పారంట. కూచుంది. చీమలొచ్చినాయి. కంటికి కనబడ్డ వస్తువు మీదల్లా ఒక చరణం కట్టుకుంటా పో, నోరు సాగుద్ది అని ఇంకొకరు చెప్పారు. రోలు మీద కట్టింది, చేట మీద కట్టింది, దూడ మీద కట్టింది. బానే ఉన్నాయంట గానీ, వియ్యపురాలు దూడ కాదు గదా.

ఇంక లాభం లేదనుకుని ఏం చేసిందంటే, గంగారత్నం వాళ్ళు చింతపండు అమ్ముతారు గదా, అది కొనేదానిలాగా సంచి పట్టుకుని, పడవెక్కి గంగారత్నం ఇంటికే పోయిందంట. పోతే ఏముంది, రా వదినా అని పీటేసింది, మజ్జిగిచ్చింది, అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. చారులోనూ సరిగ్గానే ఉంది. వీరాయమ్మకి కడుపు మండిపోయింది. చింతపండు చూస్తానని అటకెక్కి కుండల వెనకాల కూడా చూసింది. బూజు లేదు. గంగారత్నానికో పెద్ద కోడలుంది, దాన్ని పెరట్లోకి పిలిచి, ఏమ్మా, మీ అత్త ఎట్టాంటిది అని అడిగింది. "మంచిదే పిన్నీ." "ఏదో ఒకటుంటది గదే, కోడలివి, నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు." ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, "నాకు తలనొప్పంటే మంచం దిగనివ్వదు పిన్నీ" అందంట. అది పాటకి పనికొస్తదా, చెప్పండి.

సాయంత్రం గంగారత్నం రేవు దాకా సాగనంపింది. అక్కడ నిలబడి మెల్లిగా అందంట, "నువ్వు పిల్ల మేనత్తవి గదా వదినా. చింతపండుకొచ్చినావిడ అటకెక్కి బూజు వెతకదు." వీరాయమ్మ సంచి వెనక్కి పెట్టుకుంది. అప్పుడు గంగారత్నం ఏమందంటే, "మా పెద్దోడి పెళ్ళిలో నన్నెవరూ తిట్టలేదు. మంచిదాని మీద ఏం కడతామన్నారు. నూట నలభై మంది బంతిలో మా తోడికోడల్ని తిట్టారు, మా ఆడబిడ్డని తిట్టారు, నావైపు తిరిగి చూసినోళ్ళు లేరు." "మరి ఆకు మడిచి లేవకపోయావా?" "ఎట్టా లేస్తాను, మంచిదాన్ని గదా. తినేశాను." మళ్ళీ తనే, "ఈసారి మాత్రం మడిచేస్తా వదినా. ఉన్నమాటే పాడు. లేనిది కల్పిస్తే అది ఎవరత్తకైనా సరిపోద్ది, నాక్కాదు" అందంట. అయితే నీ వంక ఏదో నువ్వే చెప్పమంది వీరాయమ్మ. ఇద్దరూ కూచుని పడవొచ్చేదాకా వెతికారంట. దొరకలేదు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. బంతిలో కూచున్నారు, అన్నం వడ్డించారు, వీరాయమ్మ దగ్గర ఇంకా పాట లేదు. అటు సత్యవేణి పీటల మీద నుంచి మేనత్తవైపే చూస్తంది. గంగారత్నం ముద్ద కలపలేదు. చెయ్యి ఆకు అంచు మీద వేసుకుని, కళ్ళార్పకుండా వీరాయమ్మనే చూస్తంది. నువ్వు పాడతావా, నన్ను లెమ్మంటావా అన్నట్టు. ఆకు అంచు ఇంత లేచింది. అప్పుడు ఆ మొహం చూసి వీరాయమ్మ ఎత్తుకుందంట:

తిట్లకీ మొగం వాచె వియ్యపురాలు
తిట్టమనీ రేవుకొచ్చె వియ్యపురాలు
మంచిదన్న మూట మోసి మెడలు నొచ్చె
దించుకునే దారి లేని వియ్యపురాలు

 వడ్డించేవోడు సాంబారు గరిటె అట్టాగే పట్టుకుని నిలబడిపోయాడు. గంగారత్నం మొహం కందగడ్డైపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ గొంతు పెద్దది చెయ్యడం ఎవరూ వినలేదంట, ఆ రోజు విన్నారు. "నీ నోట్లో మన్ను పొయ్యా, రేవులో చాటుగా చెప్పుకున్నది బంతిలో పెడతావా, నీ పాట మండా, నీకు మజ్జిగిచ్చిన చేతులిరగా" అని ఎత్తుకుని, ఊపిరి తీసుకోకుండా పద్నాలుగు తిట్లు తిట్టిందంట. లెక్కపెట్టినోళ్ళున్నారు. తిట్టి, కూచుని, ముద్ద కలిపింది. రెండోసారి అన్నం వేయించుకుంది. పెద్ద కోడలు నవ్వాపుకోలేక లేచి దొడ్లోకి పోయింది.

అట్టా పెళ్ళి నిలబడింది, పాట నిలబడింది. కాకపోతే ఏమైందంటే అండి, గంగారత్నానికి ఆ రుచి మరిగింది. యాభై ఏళ్ళ బాకీ గదా మరి. ఇప్పుడు పొద్దున లేస్తే పాలవాడితో మొదలంట, మధ్యాహ్నానికి కోడళ్ళిద్దరి దాకా వస్తదంట. తలనొప్పంటే, నాకు లేదా తలకాయ అంటదంట. సత్యవేణి పుట్టింటికొచ్చినప్పుడల్లా మేనత్త ఎదురుగా కూచుని, ఊరికే చూస్తదంట. వీరాయమ్మ ఏం చేస్తది. నేను పాటే కట్టానే అమ్మా, మనిషిని కట్టలేదు గదా అని, లోపలికి పోయి మజ్జిగ తెస్తదంట.