పడని బళ్ళు

మెకానిక్ చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. మెడలో టేపు వేసుకుని బట్టలు కుడుతున్న భార్య మిషను ఆపి, కూతురికి మోపెడ్ కొనే సంగతి మళ్ళీ కదిపింది.

"ఆ మాటెత్తకు. షాపుకొచ్చే మోపెడ్లు రోజూ చూస్తున్నా. అన్నీ పడ్డవే."

"పడనివి మీ దగ్గరికెందుకొస్తాయండీ?"

"నీ నోటికి దండం. దానికి నిన్నగాక మొన్న పదిహేడు నిండాయి."

"ఆ వానలో మనకోసం బండాపిన పిల్లకి మాత్రం ఎన్నుంటాయి?"

అతను కుళాయి కట్టేశాడు. కూతురికి రెండేళ్ళప్పుడు, జ్వరంతో ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసింది. రోడ్డు మీద ఇంకే బండీ ఆగలేదు.

"ఇదే వయసుంటుంది. నిన్నూ పిల్లనీ ఎక్కించుకెళ్ళింది. వెనకాల నేను పరిగెత్తుకొచ్చేసరికి డాక్టరు చూసేస్తున్నాడు. పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది మహాతల్లి. ఇప్పటికీ ఆ పిల్లకి మనసులో దండం పెట్టుకుంటా."

"వాళ్ళ నాన్నకీ ఒకటి పెట్టండి. ఆయన కూడా మీలాగే బండి వద్దనుంటే?"

అతను తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఆ టేపుతో దాని తల కొలువు," అన్నాడు చివరికి. "ముందు హెల్మెట్ కొనాలి."