పెట్రోల్లో నీళ్లు

కొత్త ఉద్యోగంలో చేరాల్సిన ఉదయం బండి మొరాయించింది. ఆమె వరండాలో కూర్చుని కార్బ్యురేటర్ విప్పింది. తండ్రి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకెందుకమ్మా ఈ మసి పని? ఇవాళ్టికి మానెయ్."

"పెట్రోలు చిమ్మే జెట్ శుభ్రంగానే ఉంది నాన్నా. అడుగు గిన్నెలోనే నీళ్లున్నాయి."

"వాన నీళ్లేమో."

"ఎండలు మండిపోతుంటే వానెక్కడిది? ట్యాంకు తాళంచెవి నీ దగ్గరేగా ఉంది!"

ఆయన తల దించుకున్నాడు. "మొన్న నువ్వు బండి మీంచి పడితే నా ప్రాణం పోయినంత పనైందే."

"పడింది నేను. భయం నీకు పట్టుకుంది."

ఆయన దగ్గర తాళంచెవి తీసుకుని ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్ బిగించి, కొత్త పెట్రోలు పోసి ఆమె కిక్ కొట్టింది. ఇంజను దగ్గి, అందుకుంది. స్క్రూ తిప్పి చప్పుడును నిలకడకు తెచ్చింది.

"రేపూ నీళ్లు పోస్తే రేపూ విప్పుతాను. గేటు తియ్యి నాన్నా."